రిటైర్మెంట్ కమ్యూనిటీలో పాట, ముగ్గు, పద్యం, ఆవకాయ: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో తాంబరం దాటి జీఎస్టీ రోడ్డు మీద ఇంకాస్త ముందుకు వెళ్తే మా కమ్యూనిటీ వస్తుంది. రిటైరైనవాళ్ళ కోసమే కట్టిన ఫ్లాట్లు. సుమారు మూడోవంతు ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, మిగతావాళ్ళలో ఎక్కువమంది తమిళులు. ఇక్కడి కార్యక్రమాల కమిటీని నేను చూస్తాను. చూడడమంటే హాలు తాళాలు నా దగ్గరుంటాయి, రిజిస్టరు నేను రాస్తాను, హార్మోనియం రిపేరుకు వస్తే నా ప్రాణం తీస్తారు. కొత్తగా చేరేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, పక్క కమ్యూనిటీల వాళ్ళు అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు. ఒకసారి రాసి పెడితే పోతుంది కదా అని ఇది రాస్తున్నాను.

ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ? టైంపాస్ కోసమేనా?

టైంపాస్‌కి టీవీ ఉంది, ఫోను ఉంది, డైనింగ్ హాల్లో సాంబారు మీద చర్చ ఉంది. దానికోసం ఒక కమిటీ అక్కర్లేదు.

ఇక్కడికి వచ్చాక వంట లేదు, కరెంటు బిల్లు కట్టే పని లేదు, పనిమనిషి రాలేదన్న బెంగ లేదు. మొదటి రెండు నెలలు హాయిగా ఉంటుంది. మూడో నెల నుంచి ఒక రకమైన వెలితి మొదలవుతుంది. ఉదయం లేచాక మన కోసం ఎదురుచూసే పని ఒక్కటీ ఉండదు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, అప్పుడు సెలవు కోసం కలలు కన్నాను. ఇక్కడికొచ్చిన మూడో నెలలో ఎవరైనా వచ్చి ఒక లెడ్జరు ఇస్తే బాగుండును అనిపించింది. అందుకే మేం ఏ కార్యక్రమం పెట్టినా ఒకటే చూసుకుంటాం: ఇది ఎవరికైనా కావాలా? ఆ ముగ్గు వాకిట్లో పడుతుందా, ఆ పాట పండగ రోజు పాడతారా, ఆ పచ్చడి ఎవరైనా తింటారా? అలా అయితేనే పెడతాం.

డాక్టరు కొడుకులు, కూతుళ్ళు ఉన్నవాళ్ళు రుజువులు అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. అమెరికాలో జీన్ కోహెన్ అనే సైకియాట్రిస్టు 2001లో మొదలుపెట్టిన అధ్యయనంలో, వాషింగ్టన్‌లో సగటున 80 ఏళ్ళ వయసున్నవాళ్ళ చేత బృందగానం చేయించారు. పాడనివాళ్ళతో పోలిస్తే పాడినవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం, మందులు వాడడం, కిందపడడం తక్కువగా కనిపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కూడా 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 900కు పైగా ప్రచురణలను పరిశీలించి పెద్ద నివేదికే వేసింది. అయితే ఇవి చదివి మా హాలుకు వచ్చినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. పక్కింటావిడ పిలిస్తే వచ్చారు.

వారంలో ఏమేం ఉంటాయి?

సోమ, గురువారాల్లో పాట. మంగళవారం కుట్టు, లేసు. బుధవారం పద్యాలు. శుక్రవారం బొమ్మలు, రంగులు. అన్నీ ఉదయం పదిన్నర నుంచి పన్నెండు లోపే. భోజనం తర్వాత పెడితే సగంమంది కునుకు తీస్తారు, మిగతా సగంమంది కునుకు తీసేవాళ్ళను చూస్తూ కూర్చుంటారు. సుగర్ ఉన్నవాళ్ళ కోసం పదకొండింటికి మజ్జిగ, రెండు బిస్కెట్లు తప్పకుండా వస్తాయి.

అమ్మ కోసం పెయింటింగ్ కిట్ పంపించాం. ఆరు నెలలైనా తెరవలేదు. ఏం చేయాలి?

ఎక్కువగా వచ్చే ఫోను ఇదే, అదీ కాలిఫోర్నియా నుంచి. అమ్మకు ఎప్పుడైనా పెయింటింగ్ అంటే ఇష్టమా అని అడిగితే అటువైపు కాసేపు మాట ఉండదు. అంకెల ప్రకారం రంగులు నింపే కిట్ అది. చూడగానే ఆవిడకు ఒకటో తరగతి గుర్తొచ్చి ఉంటుంది.

కిట్ బదులు ఏదైనా పని అడగండి. మా దగ్గర నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక పిన్నిగారున్నారు. చిన్నప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లి ఏజెంటుకు ఇచ్చేవారట. ఇక్కడికొచ్చాక క్రోషే సూది ముట్టలేదు, "ఎవరికి అల్లాలి?" అనేవారు. మనవరాలు ఫోన్ చేసి, "అమ్మమ్మా, నా పెళ్ళిలో మంగళహారతి పళ్ళెం మీద వేయడానికి నువ్వు అల్లిన గుడ్డ కావాలి, పద్నాలుగు అంగుళాలు, ఫిబ్రవరికల్లా" అంది. కొలత, గడువు రెండూ చెప్పింది చూడండి. ఆ సాయంత్రమే ఆవిడ నన్ను 40 నంబరు దారం తెప్పించమన్నారు. ఇప్పుడు మంగళవారం క్లాసు చెప్పేది ఆవిడే, ఒక కుట్టు తప్పితే మొత్తం ఊడదీయిస్తారు.

నాకేమీ రాదు. నేను రావచ్చా?

రావచ్చు. ఆ మాట అననివాళ్ళు మా రిజిస్టరులో లేరు.

ఒకాయన ఒకప్పుడు కోడంబాక్కంలో సినిమా సెట్లకు రంగులు వేసేవారు. తెలుగు సినిమాలు మద్రాసులోనే తీసే రోజులవి. శుక్రవారం క్లాసుకు రండి అంటే, "నేను ఆర్టిస్టుని కాదమ్మా, సెట్టింగు పనివాణ్ణి" అని తప్పించుకునేవారు. పద్యనాటకంలో ఒక రంగం వేద్దామనుకున్నప్పుడు వెనకాల తెర లేక ఫ్లెక్స్ కొట్టిద్దామనుకున్నాం. అది విని ఆయనే వచ్చారు. ఇరవై అడుగుల కోరా గుడ్డ, డిస్టెంపరు, బంక, నాలుగంగుళాల బ్రష్షులు, ఒక నిచ్చెన అడిగారు. నిచ్చెన ఇవ్వలేదు, ఎనభై ఒకటి దాటిన మనిషి. గుడ్డను కారిడార్లో నేలమీద పరిచి, బ్రష్షును చీపురుకర్రకు కట్టి, నిలబడే వేశారు. దగ్గర నుంచి చూస్తే ఏవో మరకలు. పదిహేనడుగుల దూరం వెళ్ళి చూస్తే రాజసభ: స్తంభాలు, పరదాలు, వెనకాల కోట. అప్పటినుంచి ఆయన్ని అందరూ మాస్టారు అంటున్నారు. ఆయనకు అది ఇష్టమే, పైకి చెప్పరు.

మగవాళ్ళు రారు కదా?

మొదట్లో రారు. రిటైరైన ఇంజనీర్లు, ఆఫీసర్లు హాలు గుమ్మం దాకా వచ్చి, లోపల పదిమంది ఆడవాళ్ళు కనపడగానే పేపరు చూసుకుంటూ వెళ్ళిపోతారు. వాళ్ళకు పాట నేర్పుతామంటే కుదరదు. మైకు సర్దమని, లైట్లు చూడమని, లెక్క రాయమని పిలవాలి. పని చేస్తూ చేస్తూ ఒకరోజు వాళ్ళే గొంతు కలుపుతారు.

బాగా పట్టుకున్నది మాత్రం పద్యం. మా తరం మగవాళ్ళు చాలామందికి బళ్ళో కంఠతా పట్టిన పద్యాలు ఇంకా నోట్లోనే ఉన్నాయి. బుధవారం ఒక సమస్య ఇస్తాం, అంటే పద్యంలో చివరి పాదం ఇచ్చి మిగతా మూడు పాదాలు పూరించమంటాం. ఆటవెలది అయితే లెక్క సులువు (గణమంటే గురువులు, లఘువుల చిన్న గుంపు): ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. మొన్న ఇచ్చిన సమస్య "ఉప్పు లేని పప్పు గొప్ప రుచియె". మా డైనింగ్ హాలు మీద విసురు అది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇలా పూరించారు:

బీపి పెరిగి పోయె, కోపించె డాక్టరు
ఊరగాయ పోయె, కారమణగె
ఆలి చేతి వంట యాకలి వేళలో
ఉప్పు లేని పప్పు గొప్ప రుచియె

మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం, తప్పిందని ఒకరు లేచారు. బీపి, కోపి, రెండో అక్షరం కలిసింది కాబట్టి ప్రాసయతి సరిపోయిందని ఇంకొకరు లేచారు. అరగంట వాదన జరిగింది. భోజనాల గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. పద్యంలో ఉన్న ఆలి మాత్రం వెనక వరసలో కూర్చుని, "వంట నేను మానేసి నాలుగేళ్ళయింది" అన్నారు.

మోకాళ్ళు వంగవు, చేయి వణుకుతుంది, కళ్ళు సరిగా ఆనవు. ఎలాగ?

అందరి పరిస్థితీ అదే కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

ముగ్గు నేలమీదే వేయాలని ఎక్కడా రాసిలేదు. మేం నల్లరంగు వేసిన ప్లైవుడ్ పలకలు బల్లల మీద పెట్టి, కుర్చీల్లో కూర్చుని వేస్తాం. ధనుర్మాసంలో వాటిని తెల్లవారకముందే గేటు దగ్గర వరసగా పేరుస్తాం. పదిహేను చుక్కల సందు చుక్క ముగ్గును నలుగురు నాలుగు పలకల మీద ముక్కలుగా వేసి కలిపిన రోజూ ఉంది. అతుకుల దగ్గర ఒక చుక్క తేడా వచ్చింది, ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పిండి వేళ్ళ మధ్య నిలవనివాళ్ళకు సుద్దముక్క. సుద్దముక్క జారితే దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడుగుతాం, పట్టు దొరుకుతుంది.

సూదిలో దారం ఎక్కించడానికి పది రూపాయలకు తీగ దొరుకుతుంది, తలా ఒకటి ఉంచుకోండి. నల్లగుడ్డ మీద నల్లదారం పని పెట్టకండి. వినికిడి మిషను పెట్టుకునేవాళ్ళను ఫ్యాను కిందా, స్పీకరు పక్కనా కూర్చోబెట్టకండి.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ విషయం వేరే చెప్పాలి. అడుగు పడక ఆగిపోయే మనిషికి పక్కన తాళం వేస్తే చాలాసార్లు అడుగు కదులుతుంది. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001లో పార్కిన్సన్స్ వాళ్ళ కోసం డాన్స్ క్లాసులే మొదలుపెట్టింది. మా దగ్గర అంత లేదు. ఆదితాళం వేసుకుంటూ హాలు చుట్టూ నడక మాత్రం ఉంది. పక్కన ఫిజియోథెరపిస్టు లేకుండా ఇది చేయకండి.

తమిళవాళ్ళతో భాష ఇబ్బంది కాదా?

మీటింగుల్లో అవుతుంది, పాటలో కాదు. త్యాగరాజస్వామి మన భాషలో రాశారు, కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉన్నారు. ఇద్దరికీ సొంతమే.

మా పాటల బృందంలో ఒక తమిళ మామి ఉన్నారు. డెబ్భై ఏళ్ళనాటి నోటుపుస్తకం ఆవిడది, వాళ్ళమ్మ చేతిరాత. తెలుగు కృతులన్నీ తమిళ లిపిలో ఉంటాయి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, అందుకని అక్షరం పక్కన అంకె వేస్తారు: 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ. పేజీ చూస్తే పాటలా ఉండదు, లెక్కల పుస్తకంలా ఉంటుంది. త్యాగరాజస్వామి ఐదు పెద్ద కృతులు, ఘనరాగ పంచరత్నాల్లో గౌళ రాగంలోది 'దుడుకుగల'. అందులో దుడుకు అంటే ఏమిటని ఆవిడ ఒకరోజు అడిగారు. యాభై ఏళ్ళుగా పాడుతున్నారు, అర్థం ఎవరూ చెప్పలేదు. గుంటూరు అక్కయ్యగారు, "మీ మనవడు మొన్న లిఫ్టులో అన్ని బటన్లూ నొక్కాడే, అదే దుడుకు" అన్నారు. మామి పడీపడీ నవ్వారు. ఆ తర్వాత పాడినప్పుడు ఆ మాట దగ్గర గొంతు మారింది, నాకు తెలిసింది.

ఇప్పుడు ప్రతి గురువారం పాటకు ముందు పదిహేను నిమిషాలు అర్థం చెప్పడం మనవాళ్ళ పని, రాగం సరిచేయడం వాళ్ళ పని. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో పంచరత్నాలు పాడే వేళకే మేమూ క్లబ్‌హౌస్‌లో కూర్చుని పాడతాం. వాటిలో వరాళి రాగం కృతి దగ్గరికొచ్చేసరికి సగంమంది పెదవులు మాత్రమే కదుపుతారు. పరవాలేదు.

బొమ్మల కొలువు అందరిదీ కలిపి పెడతారట, నిజమా?

నిజమే. ఏడాదిలో మా పెద్ద పని అదే.

పెద్ద ఇల్లు ఖాళీ చేసి ఒక బెడ్‌రూం ఫ్లాటుకు మారినప్పుడు, కొలువు బొమ్మల పెట్టె ఏం చేయాలో ఎవరికీ తోచదు. కొడుకు ఇంట్లో అటక మీదికి వెళ్తుంది. మేం ఆ పెట్టెలు తెప్పించమన్నాం. మొదటి ఏడాది పదకొండు వచ్చాయి. కొండపల్లి పొణికి చెక్క బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, తిరుపతి చెక్కబొమ్మల జంటలు, పన్రుట్టి నుంచి వచ్చిన కాగితపు గుజ్జు బొమ్మలు. సగానికి ముక్కులు లేవు. మైలాపూరు ఉత్తర మాడ వీధిలో కొత్తవి కొనుక్కొద్దామన్నారు కొందరు. ముక్కులు పెట్టే పనే మంచిదని నేను పట్టుబట్టాను.

ఆగస్టు నుంచి శుక్రవారాలు దానికే. పాతరంగు లేచిన చోట సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి, నీళ్ళు తగలకూడదు. కాగితపు గుజ్జుతో విరిగిన చోటు నింపి, రెండు రోజులు ఆరనివ్వాలి. మద్రాసు ఉక్కకు మూడు రోజులు పడుతుంది. దాని మీద సుద్ద, బంక కలిపిన పూత. అదీ ఆరాక రంగు. కళ్ళు ఆఖరున, అవి మాత్రం సెట్టింగు మాస్టారే వేస్తారు, ఊపిరి బిగబట్టి.

ప్రతి బొమ్మ పక్కన ఒక కార్డు పెడతాం: ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఏమైనా గుర్తుందా. రాయలేనివాళ్ళు ఫోనులో తెలుగులో చెప్తే అదే టైప్ చేస్తుంది, మేం తప్పులు దిద్దుతాం. ఒక చెట్టియారు బొమ్మ (కొట్టు పెట్టుకున్న వ్యాపారి బొమ్మ) కార్డు మీద, "1961. పెళ్ళయిన ఏడాది. ఆయన బేరం ఆడలేదని నాకు కోపం వచ్చింది" అని ఉంటుంది. తమిళుల లెక్కలో కొలువు దసరాకే. మనలో కొన్ని జిల్లాలవాళ్ళకు సంక్రాంతికి. అందుకని రెండుసార్లు పెడతాం, మెట్లు మాత్రం ఎప్పుడూ బేసి సంఖ్యే.

ఆవకాయ పెట్టడం కూడా కళా కార్యక్రమమేనా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఆవకాయ పెట్టి ఉండరు.

మేలో ఒక రోజు. ఆవపిండి, కారం, ఉప్పు సమంగా అనేది పాతలెక్క, ఉప్పు కాస్త తగ్గించాలని మా డాక్టరుగారి మాట, తగ్గిస్తే నిలవుండదని పెద్దావిడల మాట. చివరికి రెండు జాడీలు పెడతాం. కాయలు కొట్టడానికి అలవాటున్న మనిషిని పిలిపిస్తాం, టెంకతో సహా ముక్క పడే దెబ్బ మా భుజాలకు ఇక చేతకాదు. ముక్కలు తుడవడం, పొర తీయడం, కలపడం అంతా మాదే. మొదటి ఏడాది ఎవరో తడి గరిటె పెట్టారు, పెద్ద జాడీ మొత్తం బూజు పట్టింది. ఎవరన్నది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అప్పటినుంచి గరిటె తాళం వేసిన డబ్బాలో ఉంటుంది.

నాన్నకు మతిమరుపు జబ్బు. ఆయన్ని కూర్చోబెట్టవచ్చా?

కూర్చోబెట్టండి, ఉదయం పూటే. సాయంత్రం అయ్యేకొద్దీ చాలామందికి చికాకు, అయోమయం పెరుగుతాయి. అల్జీమర్స్‌లో మిగతా జ్ఞాపకాలు పోయినా చిన్నప్పటి పాటలు చాలాకాలం నిలిచి ఉండడం తరచుగా కనిపిస్తుంది. భార్య పేరు తడుముకునే మనిషి పద్యం ఎత్తుకుంటే మాత్రం రాగంతో సహా చివరిదాకా వెళ్ళడం నేను చూశాను.

ఒకటే నియమం: "గుర్తుందా?" అని అడగకండి. ఎవరు వచ్చారో చెప్పు, ఇదెవరి ఫోటో, ఈరోజు ఏ వారం, ఇవన్నీ పరీక్షలే. అమెరికాలో మిల్వాకీలో ఆన్ బాస్టింగ్ అనే ఆవిడ 1990ల చివర్లో టైంస్లిప్స్ అనే పద్ధతి తెచ్చారు. ఒక వింత బొమ్మ చూపించి, దాని గురించి కథ అల్లమంటారు. ఏది చెప్పినా తప్పుండదు, చెప్పినదంతా రాసుకుంటారు. మేమూ అలాగే చేస్తాం. బస్సు మీద కూర్చున్న మేక ఫోటో చూపిస్తే ఒక తాతగారు, "టిక్కెట్టు తీసుకోలేదు, అందుకే పైన కూర్చోబెట్టారు" అన్నారు. ఆయన ఆ వారంలో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదని అటెండెంట్ అమ్మాయి చెప్పింది.

బయటి సంస్థలను పిలిచి చేయించుకోవచ్చు కదా?

పిలిచాం ఒకసారి. యూనిఫాం టీషర్టులు వేసుకున్న కుర్రాళ్ళు వచ్చి, అందరికీ కుందేలు బొమ్మలు ఇచ్చి రంగులు వేయమన్నారు, తర్వాత చప్పట్లు కొట్టించారు, "వెరీ గుడ్ తాతా" అన్నారు. ఆ తాత హైకోర్టులో వకీలుగా పనిచేసి రిటైరైన మనిషి. ఫోటోలు మాత్రం బోలెడు తీసుకున్నారు. మళ్ళీ పిలవలేదు. టీచరు కావాలంటే పనితనం ఉన్న మనిషిని పిలవండి. ముసలివాళ్ళతో ఎలా మెలగాలో ఆ మనిషికి మేమే నేర్పుకుంటాం.

ఖర్చు?

దారం, రంగులు, సుద్ద, మజ్జిగ. తలా నెలకు రెండు వందలు వసూలు చేస్తాం, ఆవకాయ నెలలో ఇంకో వంద. హార్మోనియం పాతది కొన్నాం, అది పొరపాటే.

బయటికి తీసుకెళ్తారా?

చెన్నైలో డిసెంబరు కచేరీల సీజన్‌లో రెండుసార్లు వ్యాను వేస్తాం. చాలా సంగీత సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టిక్కెట్టు ఉండదు, రద్దీ తక్కువ, మెట్లెక్కడానికి తొందరపెట్టేవాళ్ళు ఉండరు. పాడేది కుర్రవాళ్ళు, మనం ముందు వరసలో కూర్చుని తాళం వేస్తే వాళ్ళకూ హుషారు. క్యాంటీన్ కోసమే వచ్చేవాళ్ళూ ఉన్నారు, నేను పేర్లు చెప్పను. ముత్తుకాడు దగ్గరి దక్షిణచిత్రకు కూడా వెళ్ళాం. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. మన చుట్టిల్లు, ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు చూసి మావాళ్ళు అరుగు దిగలేదు. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్ళండి.

గొడవలు అవుతాయా?

ప్రతి వారం. గొడవ లేని వారం వస్తే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

సగంలో ఆగిపోయిన పనులు ఏం చేస్తారు?

ఇది ఎవరూ నేరుగా అడగరు, మనిషి పోయిన పది రోజులకు పిల్లలు ఫ్లాటు ఖాళీ చేయడానికి వచ్చినప్పుడు అడుగుతారు. హాల్లో ఒక వెదురుబుట్ట ఉంది. పూర్తికానివి అందులో పెట్టి, పేరు, తేదీ రాసిన చీటీ కడతాం. పిల్లలు తీసుకెళ్తామంటే ఇస్తాం. వద్దంటే ఆరు నెలలు ఉంచి, ఎవరైనా పూర్తి చేస్తామంటే ఇస్తాం, చీటీ మాత్రం తీయం. ఇప్పుడు అందులో ఒక స్వెటర్ చేయి, రెండు పాదాలు రాసిన తేటగీతి పద్యం, ముక్కు పెట్టి కళ్ళు వేయని ఒక దశావతారం సెట్టు ఉన్నాయి. తేటగీతి తనకు కావాలని రైల్వే ఆయన అడిగారు. వచ్చే బుధవారం ఇస్తానన్నాను.